రోగి మంచము, ఊరి బావి: వైద్యుని చదువు నడచిన దారి

చిత్తూరునుండి పలమనేరు వెళ్లు బాటలో, మొగిలి కనుమ ఎక్కుటకు ముందు, బంగారుపాళ్యము ఎదురగును. పాళెగాండ్ర నాటినుండి పేరు గల ఊరు. మామిడి దిగు మాసములలో అంగడి బండ్లతో, లారీలతో క్రిక్కిరిసియుండును. గానుగలాడు కాలమున చుట్టుపట్ల పల్లెలనుండి క్రొత్త బెల్లపు వాసన బాటవరకు వచ్చును. ఈ ప్రాంతపు రోగికి పెద్ద వైద్యము కావలసివచ్చినప్పుడు నాలుగు దారులు కలవు. తూర్పున చిత్తూరు, ఆగ్నేయమున వేలూరు, ఈశాన్యమున తిరుపతి, వాయవ్యమున మదనపల్లె చెంత ఆరోగ్యవరము. వీనిలో ఏదో యొక దారిని త్రొక్కని కుటుంబము ఈ సీమలో అరుదు.

ఆసుపత్రికి పోయినవాడు గుణము చూచుకొని తిరిగివచ్చును. వచ్చుట ఎచ్చటికి? పొగ నిండిన అదే వంటయింటికి. అదే బావి నీటికి. పదిమంది ఒక్కచోట పరుండు అదే గదికి. ఆరు మాసములకు అదే రోగముతో మరల బస్సెక్కును. లేదా ఈమారు వాని తమ్ముడు ఎక్కును. రోగిని బాగుచేసిన వైద్యుడు సమర్థుడే. అయితే వాని చదువు మంచముకడ మొదలై మంచముకడనే ముగిసినది. బావిని, వంటయింటిని చూడవలసినవాడు వేరొక అధికారి. అతనికి రోగి మంచముతో పనిలేదు. ఈ ఇద్దరిని ఒక్కనిగా చేయుట సాధ్యమా? చేయవలెనన్న ఆ వైద్యునికి ఎచ్చట, ఎట్లు శిక్షణ ఈయవలెను? ఈ ప్రశ్నకు నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రలో మంచి భాగము మన జిల్లాలలోనే జరిగినది. కనుకనే ఈ ప్రసంగము.

మన ఆయుర్వేదము తన ప్రయోజనములు రెండని చెప్పినది: ఆరోగ్యవంతుని ఆరోగ్యమును కాపాడుట యొకటి, రోగి రోగమును శమింపజేయుట రెండవది. శాస్త్రము ఒక్కటే, పనులు రెండు. పాశ్చాత్య వైద్యమున ఈ రెండు పనులు క్రమముగా రెండు శాస్త్రములైనవి. 1889లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తెరవబడినది. అచ్చట విలియం ఆస్లర్ అను మహావైద్యుడు పట్టభద్రులైన యువవైద్యులను ఆసుపత్రిలోనే నివసింపజేసి, రేయింబవళ్లు రోగుల కడనే ఉంచి పని నేర్పెను. ఆసుపత్రియందు నివసించువాడు గనుక వానికి ‘రెసిడెంటు’ అని పేరు వచ్చినది. నేడు మన పెద్దాసుపత్రులలో తెల్లకోటుతో పరుగులెత్తు రెసిడెంటు డాక్టరు ఆ సంప్రదాయమునకు వారసుడే. రోగిని చూడనిదే వైద్యము రాదను సత్యమును ఆ పద్ధతి లోకమునకు స్థిరపరచినది.

అయితే అదే నగరమున, అదే విశ్వవిద్యాలయమున, 1916లో ప్రజారోగ్యమునకు వేరొక విద్యాలయము స్థాపింపబడెను. అంతకు ముందటి సంవత్సరము వెల్చ్, రోజ్ అను నిద్దరు పెద్దలు సమర్పించిన నివేదిక దానికి మూలము. ప్రజారోగ్యము లోతైన శాస్త్రము, దానికి ప్రత్యేకమైన గురుకులము కావలెనని వారి తలంపు. తలంపు మంచిదే. కాని నాటినుండి వైద్యుడొక బడిలోను, ఆరోగ్యాధికారి వేరొక బడిలోను చదువుట లోకమున ఆచారమైనది. మన దేశమునను ఇదే జరిగినది. చెన్నపట్టణమున వైద్యపాఠశాల 1835లో వెలసినది. రాజధానులలో శానిటరీ కమిషనులు 1864లో ఏర్పడినవి. ప్రజారోగ్య శాస్త్రమునకు కలకత్తాలో అఖిల భారత సంస్థ 1932లో ఏర్పడినది. ఒకరు మందు వ్రాయువారు, ఒకరు లెక్క వ్రాయువారు. ఇద్దరును కలిసికొను సందర్భములు తక్కువ.

వారు కలిసికొన్న చోట్ల ఎట్టి ఫలములు కలిగెనో తెలుగునేలయే సాక్ష్యమిచ్చును. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా జీవిని కనుగొనెను. అతడు పటాలపు వైద్యుడు. హుస్సేన్‌ఖాన్ అను జ్వరపీడితుని దోమలచేత కుట్టించి, దోమకొక అణా చొప్పున అతనికి చెల్లించి, ఆ దోమలను కోసి చూచెను. రోగి మంచమువద్ద మొదలైన విచారణ నీటిగుంటవద్ద తేలినది. జ్వరమునకు క్వినైను ఇచ్చుటతో పని ముగియదని, దోమ పుట్టు తావును చూడవలెనని నాటినుండి వైద్యులకు తెలిసివచ్చినది.

రెండవ దృష్టాంతము 1937 నాటిది. నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో నడుము వంగని, మెడ తిరుగని మనుష్యులు కనబడిరి. పండ్లమీద మచ్చలు, ఎముకలు కట్టెలవలె బిగిసిపోవుట. షార్టు మొదలైన పరిశోధకులు రోగులను పరీక్షించి, బావుల నీటిని పరీక్షించి, నీటిలోని ఫ్లోరైడు అధికమగుటయే కారణమని వెల్లడించిరి. బిగిసిన వెన్నును మరల వంచు మందు నాడు లేదు; నేడును లేదు. ఉన్న వైద్యమెల్ల నీటిని మార్చుటయే. 1970 తరువాతి దశకమున నాగపురపు పరిశోధకులు పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని రూపొందించి, దానికి మన నల్లగొండ పేరు పెట్టిరి. ఇట్టి రోగమున మందుచీటీ వ్రాయుటకు ముందు బావిని అడుగవలెను.

ఇక మన సీమలో జరిగిన గొప్ప ప్రయోగమునకు వత్తము. 1915లో, నాడు చిత్తూరు జిల్లాలో చేరియున్న మదనపల్లె సమీపమున, రెండు వేల అడుగులకు పైబడిన ఎత్తున, పలు మిషనులు కూడి ఒక క్షయ చికిత్సాలయమును తెరచిరి. ఆ తావునకు ఆరోగ్యవరమని పేరు. దానికి మొదటి అధ్యక్షవైద్యుడు డెన్మార్కు దేశస్థుడైన క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్. నాడు క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిను పుట్టినది 1943లో. ఐసోనియాజిడు వాడుకకు వచ్చినది 1952లో. గాలి, వెలుతురు, పుష్టికరమైన ఆహారము, విశ్రాంతి, అవసరమైనచో ఊపిరితిత్తికి విశ్రాంతినిచ్చు శస్త్రచికిత్స – ఇవియే సాధనములు. దేశములోని పలు తావులనుండి రోగులు వచ్చిరి. వారితోపాటు వైద్యులును వచ్చి, అచ్చట ఉండి, క్షయవైద్యమును నేర్చుకొని పోయిరి.

చికిత్సాలయమున ఎంత మంచి వైద్యము జరిగినను, గేటు వెలుపల రోగము తగ్గలేదు. ఈ సంగతిని గుర్తించుటయే ఆరోగ్యవరపు వైద్యుల విశేషము. ఆ చికిత్సాలయమునకు అధ్యక్షుడై, పిమ్మట కేంద్ర ప్రభుత్వమునకు క్షయ విషయమున సలహాదారైన డాక్టరు పి. వి. బెంజమిన్ కాలమున, 1948లో, మన దేశమున బి.సి.జి. టీకాల పని మదనపల్లెలో ఆరంభమయ్యెను. అదే సంవత్సరము గిండీలో టీకామందు తయారుచేయు ప్రయోగశాల ఏర్పడెను.

తరువాత మొదటి ఫ్రిమోట్-మోలర్ కుమారుడైన జోహన్నెస్ ఫ్రిమోట్-మోలర్ ఆరోగ్యవరపు వైద్యులను ఊళ్లమీదికి నడిపించెను. 1950 మొదలు మదనపల్లె పట్టణమున, దాని చుట్టునున్న పల్లెలలో, ఇంటింటి జనాభాను వ్రాసికొని, ట్యూబర్క్యులిను సూదితో చర్మపరీక్ష చేసి, బండిమీద ఎక్స్‌రే యంత్రమును తీసికొనిపోయి రొమ్ము చిత్రములు తీసి, కఫమును పరీక్షించిరి. రోగము బయటపడినవారికి చికిత్స. సోకనివారిలో కొందరికి టీకా, కొందరికి లేకుండ పోల్చిచూచుట. ఏండ్ల తరబడి అవే ఇండ్లకు మరల మరల వెళ్లిరి. 1950 నుండి 1955 వరకు జరిగిన పని వివరములు 1960లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో వెలువడినవి. మంచముకడ నేర్చిన కన్నుతో ఊరిని చూచుట, ఊరిలో కనుగొన్నదానితో మంచముకడ వైద్యమును దిద్దుకొనుట ఆ పనిలో ఏకమైనవి. సంయుక్త శిక్షణయను పేరు లేకున్నను, దాని సారము ఇదియే.

ఈ పనిలో నిజాయితీ యెట్టిదో చెప్పుట అవసరము. టీకా సర్వరోగనివారిణియని వారు చాటుకొనలేదు. మొదటి సంవత్సరములలో కనబడిన రక్షణ కాలము గడచినకొలది తగ్గినట్లు వారి పరిశీలనలోనే తేలినది. 1968లో చెంగల్పట్టు ప్రాంతమున మరింత పెద్ద యెత్తున ఆరంభమైన ప్రయోగమున, పెద్దలకు వచ్చు ఊపిరితిత్తుల క్షయను బి.సి.జి. అరికట్టలేదని తెలిసినది. అయినను పసిబిడ్డలను మెదడుపొరలకు సోకు భయంకర క్షయనుండి అది కాపాడును గనుక, పుట్టిన బిడ్డకు నేటికిని ఆ టీకా వేయుచున్నారు. ఏ ఉపాయము ఎవరికి, ఎంతవరకు పనిచేయునో తెలియుట ఊరిలో లెక్క కట్టిననాడే సాధ్యము. వార్డులో కూర్చున్నవానికి ఈ తెలివి రాదు.

ఆ దినములలోనే క్షయ పట్టణవాసుల రోగమను నమ్మకమును తొలగిపోయెను. 1955 మొదలు 1958 వరకు దేశమంతట జరిగిన పరిశీలనలో, పల్లెలలోను పట్టణములతో సమానముగా రోగమున్నదని బయటపడెను. అంత మందికి మంచములు ఎచ్చటినుండి తెత్తురు? చెన్నపట్టణమున 1956లో స్థాపింపబడిన క్షయ ఔషధచికిత్సా కేంద్రమువారు రోగులను రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు చికిత్సాలయమున, ఒక వర్గమునకు ఇంటివద్దనే మందులిచ్చిరి. 1959లో ఫలితములు వెలువడినవి. మురికివాడలోని ఇరుకుటింట ఉండి, సరియైన తిండి లేకున్నను, మందును క్రమముగా మ్రింగినవానికి చికిత్సాలయమున ఉన్నవానికి దాదాపు సమానముగనే గుణము కలిగెను. ఇంటిలోనివారికి రోగము అందువలన ఎక్కువగా అంటనులేదు. బెంగుళూరులో 1959లో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థవారు దీనిని ఆధారముగా గొని జిల్లాకొక కార్యక్రమమును రూపొందించి, మన రాయలసీమలోని అనంతపురము జిల్లాలో ముందుగా పరీక్షించి చూచిరి.

ఈ మార్పు వైద్యుని చదువునే మార్చవలసియున్నది. చికిత్స ఇంటికి పోయినప్పుడు వైద్యుని శిక్షణయు ఇంటికి పోవలెను గదా! అట్లు పోకపోయిన ఏమగునో మరియొక పరిశీలన చూపినది. దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనువారు కర్ణాటకములోని తుమకూరు జిల్లా పల్లెలలో క్షయరోగులను విచారించి 1963లో ప్రకటించిరి. రోగులలో సగముమందికి పైగా అప్పటికే వైద్యసహాయమును వెదకికొని పోయినవారే. వారిని పల్లెటూరి అజ్ఞానులనుట తప్పు. పోయినవారికి దొరికినది మాత్రము దగ్గుమందు సీసా. తలుపు తట్టినవాడు రోగి. తలుపు తెరవనిది శిక్షణ. మేము ఈ విషయమును తలంచినప్పుడెల్ల మా ప్రాంతపు పాత డిస్పెన్సరీలముందు నిలిచిన బారులు కన్నులకు కట్టును.

వేలూరి కథయు మనకు పరాయిది కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు మన తాలూకాలును వేలూరును ఒక్క ఉత్తరార్కాటు జిల్లాలోనివే. దాని ముఖ్యపట్టణము చిత్తూరే. అచ్చట ఐడా స్కడ్డర్ 1900లో వైద్యము ప్రారంభించి, 1902లో ఆసుపత్రి కట్టించి, ఆ పిమ్మట బండిలో గుడియాత్తము బాట వెంట చెట్లక్రింద ఆగి రోగులను చూచు అలవాటు చేసెను. 1918లో స్త్రీలకు వైద్యవిద్యాలయము స్థాపించినప్పుడు ఆ చెట్టుక్రింది వైద్యము విద్యార్థినులకును పాఠమయ్యెను. 1977లో ఆ సంస్థవారే కె. వి. కుప్పము సమితిలో ‘రూసా’ అను గ్రామీణ కార్యక్రమమును ఆరంభించిరి. అచ్చట ఆరోగ్యముతోపాటు జీవనోపాధియు పాఠ్యాంశమైనది.

ఇక ప్రభుత్వపు ఆలోచన. 1943లో నియమింపబడి 1946లో నివేదిక సమర్పించిన భోర్ సంఘము, మనకు కావలసినవాడు ‘సాంఘిక వైద్యుడు’ అని స్పష్టముగా చెప్పినది. ప్రతి వైద్యుడును నివారణ వైద్యమునందు మూడు మాసముల శిక్షణ పొందవలెనని సిఫారసు చేసినది. స్వాతంత్ర్యానంతరము వైద్యకళాశాలలలో నివారణ, సాంఘిక వైద్యశాఖలు వెలసినవి. 1960లో స్థాపింపబడిన తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్యకళాశాల ఈ తరము విద్యాలయమే. 1977లో ‘వైద్యవిద్యా పునర్దిశ’ అను పథకము వచ్చి, కళాశాలకు మూడు ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల బాధ్యతను అప్పగించెను. సంచార వైద్యశాలలుగా పెద్ద బండ్లు వచ్చినవి. మాటలు గొప్పవి, ఆచరణ అంతగా నిలువలేదు. కారణము గూఢమైనది కాదు. పరీక్షలో మార్కులు వార్డు రోగికి. పల్లె ప్రయాణమునకు హాజరు మాత్రమే. విద్యార్థి దేనికి విలువ కట్టబడునో దానినే చదువును.

అమెరికాలో మరియొక మార్గము త్రొక్కిరి. అంతర్వైద్యమునకు 1936లోను, నివారణ వైద్యమునకు 1948లోను వేరువేరు పట్టపరీక్షా మండలులు ఏర్పడినవి. పిమ్మట ఈ రెండు మండలులును సమ్మతించి, నాలుగేండ్ల సంయుక్త రెసిడెన్సీని అంగీకరించినవి. ఆ నాలుగేండ్లలో రెసిడెంటు వార్డులో గుండెజబ్బును, మధుమేహమును, న్యుమోనియాను చూచును. ప్రజారోగ్యమున ఉన్నతపట్టమునకు చదువును. స్థానిక ఆరోగ్యశాఖలో పనిచేయును. రోగములు వ్యాపించు లెక్కలు కట్టుట నేర్చును. ఏ సంవత్సరమునను అతడు రోగిని పూర్తిగా విడువడు. చివరకు రెండు పట్టపరీక్షలకును అర్హుడగును. అచ్చటను ఇట్టి శిక్షణాలయములు కొలదియే. అయినను పద్ధతి నిలిచినది.

మన దేశమున ఈ రెండు పట్టములు నేటికిని వేరువేరు, ఒక్కొక్కదానికి మూడేండ్లు. అయితే రెంటి నడుమ వంతెనలు పడుచున్నవి. 2020లో వచ్చిన నిబంధనల ప్రకారము, ఏ శాఖలో ఉన్నతవిద్య చదువు వైద్యుడైనను మూడు మాసములు జిల్లా ఆసుపత్రి వ్యవస్థలో రెసిడెంటుగా పనిచేయవలెను. 2022లో వచ్చిన మార్పుచే ఎం.బి.బి.ఎస్. విద్యార్థి మొదటి సంవత్సరమునుండియే గ్రామములో కొన్ని కుటుంబములను దత్తుగొని, వారి ఆరోగ్యమును గమనింపవలెను. మన రాష్ట్రమున 2023లో ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుడే నెలకు రెండుమారులు గ్రామమునకు వెళ్లు ఏర్పాటు ఒకటి ఆరంభింపబడెను. వీనిని మొక్కుబడిగా గడుపుటయా, నిజమైన శిక్షణగా మలచుకొనుటయా అనునది గురువుల చేతిలోను, మన చేతిలోను ఉన్నది.

ఇట్టి వైద్యుడు బంగారుపాళ్యమునకు వచ్చిన ఏమి చేయునో ఊహింతము. ఒక రైతు కాలి పుండుతో వచ్చెననుకొందము. పుండు కడిగి మందు వేయుట ఒక పని. రక్తములో చక్కెరను చూచి మధుమేహమును గుర్తించి, మూత్రపిండములను, కన్నులను పరీక్షించుట రెండవ పని, ఇంతవరకు అంతర్వైద్యము. పొలమునకు చెప్పులు లేక పోవుచున్నాడా? ఇంట నలుబదియేండ్లు దాటినవారు ఎందరు, వారి రక్తపుపోటు ఎవరైన చూచిరా? మాత్రలు నెలాఖరున అయిపోయిన మరల తెచ్చుకొను వీలున్నదా? ఆ వీధిలో ఇట్టి కాళ్లు మరి యెన్ని? ఇవి నివారణ వైద్యుని ప్రశ్నలు. ఒక్క వైద్యుడే ఈ రెండు వరుసల ప్రశ్నలను వేయగలిగినచో, ఒక కాలు నిలుచుట మాత్రమే కాదు, పది కాళ్లు తెగకుండ నిలుచును. నాడు క్షయ చెప్పిన పాఠమునే నేడు మధుమేహము, రక్తపుపోటు మరల చెప్పుచున్నవి.

రెండు పడవలపై కాళ్లు పెట్టినవాడు ఏ గట్టునకును చేరడని కొందరు ఆక్షేపింతురు. ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. అందరును రెండింట నిపుణులు కావలసిన పనియు లేదు. గుండె కోయు వైద్యుడు బావులను లెక్కింపనక్కరలేదు. కాని జిల్లాకు ఇట్టివారు కొందరైనను ఉండి, ఇటు వార్డునకు అటు పల్లెకు నడుమ బాట వేయనిచో, ఇరువైపుల నైపుణ్యమును వృథాయగును. ఆరోగ్యవరపు వైద్యులు వార్డును విడిచి ఊరికి పోలేదు. వార్డును వెంటబెట్టుకొనియే పోయిరి. అందుచేతనే వారి మాటకు వైద్యులలోను, అధికారులలోను విలువ కలిగినది. క్షయకు మంచి మందులు వచ్చిన తరువాత ఆ చికిత్సాలయము సాధారణ వైద్యాలయముగా మారినది. అది నేర్పిన పాఠమునకు మాత్రము కాలదోషము పట్టలేదు.

శ్రోతలకు తుదిగా ఒక విన్నపము. మీ ఇంటికో, మీ వీధికో ఒక యువవైద్యుడు కాగితములతో వచ్చి, నీరు ఎచ్చటినుండి తెత్తురు, పొయ్యి ఎట్టిది, ఇంట దగ్గువారెవరు, చక్కెరవ్యాధివారెవరు అని అడిగినచో విసుగుకొనకుడు. అతడు లెక్కల గుమాస్తా కాడు, నేర్చుకొనుచున్న వైద్యుడు. మీరు చెప్పు సమాధానములే వానికి పాఠములు. కూర్చుండుటకు పీటవేసి, నిజము చెప్పి పంపుడు. రెండు మూడు తరములనుండి మన సీమ రోగులు నాలుగు దారులను పట్టి వైద్యులకడకు పోయిరి. ఆ దారులవెంట వైద్యుడు ఎదురువచ్చుట నేర్చుకొనుచున్న కాలమిది. మనము తలుపు తీసి పలుకరించుటలోనే వాని చదువునకు సగము సాఫల్యమున్నది.